గీతకు రెండు పక్కలా

1986 ఫిబ్రవరి 3, సోమవారం

ల్యాబ్ రిపోర్టులన్నీ టైపు కొట్టే మా టైపింగ్ పూల్ మూసేస్తారట. మే నెలాఖరుతో సరి. ఇంజనీర్లు ఇప్పుడు ఎవరి కంప్యూటర్ టెర్మినల్ ముందు వాళ్ళే కూర్చుని కొట్టుకుంటున్నారు కాబట్టి మా పన్నెండు మందితో ల్యాబ్‌కు ఇక పని లేదట. చెప్పడానికి వచ్చినాయన టై సర్దుకుంటూ నాలుగు ముక్కలు చెప్పి, డోనట్ల పెట్టె మా బల్ల మీద పెట్టి జారుకున్నాడు. పక్క సీటు ట్రూడీ ఒకటి అందుకుని, "ఇరవై ఒక్క ఏళ్ళకి ఒక డోనట్టే రెజీనా. తినవే, పైన చక్కెర కూడా చల్లారు" అంది.

ఆయన చెప్పినవాటిలో ఒక్క మాట మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు. ప్రోగ్రామర్లకు సహాయకులుగా రెండు సీట్లున్నాయి. పూల్‌లో వాళ్ళైనా, గుమాస్తాలైనా పరీక్ష రాయొచ్చు. మే 9న, సి అనే కంప్యూటర్ భాషలో. ఏ పుస్తకమైనా తెచ్చుకోవచ్చు.

ఫిబ్రవరి 4

రాస్తాను.

ఫిబ్రవరి 5

ఎందుకు రాస్తానో ఇక్కడ పెట్టుకోవాలి, లేకపోతే శుక్రవారానికల్లా నీరుగారిపోతాను.

ఆ భవనంలో ఈ ఇరవై ఒక్క ఏళ్ళలో బయటికి వచ్చిన రిపోర్టుల్లో సగం నా వేళ్ళ కింద నుంచే పోయాయి. ఆ మీసాల బ్రాకెట్లు, సెమికోలన్లు ఒక్కటి జారకుండా కొట్టాను. వాటి అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. ప్రతి పేజీకీ అడుగున ఎడమ మూల, రాసినాయన పొడి అక్షరాలు పెద్దవిగా, తరువాత ఒక గీత, టైపు చేసినదాని పొడి అక్షరాలు చిన్నవిగా పెడతాం. హో.పె./రె.డు. అంటే ప్రోగ్రామరు హోబార్ట్ పెల్ గారు రాశారు, రెజీనా డుడెక్ కొట్టింది అని. పెల్ గారి పెన్సిల్ రాత ఆయనకే అర్థం కాదు. నా దగ్గరికి వచ్చి, "రెజీనా గారూ, ఇక్కడ నేనేం రాశానండీ?" అని అడుగుతారు. నేను చదివి చెబుతాను. అక్షరాలు చెబుతాను, అంతే.

నలభై ఆరేళ్ళొచ్చాయి. ఆ గీతకు ఎడమ పక్క ఏముందో తెలుసుకోకుండా ఇంటికి పోను.

ఫిబ్రవరి 8, శనివారం

ఎంత మంచి రోజు! రైల్వే స్టేషన్ దగ్గరి దుకాణంలో కంప్యూటర్ పత్రిక కొన్నాను. ఇటుకలా ఉంది. సగానికి పైగా ప్రకటనలే. సి నేర్చుకోవాలంటే మనం రాసినదాన్ని మెషీన్ మాటల్లోకి దించే కంపైలర్ ఒకటి కావాలి కదా, అలాంటివి ఈ ఒక్క సంచికలోనే పద్నాలుగు లెక్క తేలాయి. ఒకటి అన్నిటికంటే వేగమంటుంది. ఇంకొకటి అన్నిటికంటే చిన్నదంటుంది. మూడోదాని పక్కన కోటు వేసుకున్న మనిషి నవ్వుతూ నిలబడ్డాడు, ఎందుకో తెలియలేదు.

ఎర్ర పెన్సిల్ పట్టుకుని వంటింటి బల్ల మీద మూడు గంటలు కూర్చున్నాను. మా ఆయన కాజ్ తన బ్రెడ్ సరఫరా వ్యాను ఆపి వచ్చి, "పెళ్ళి సంబంధాలు చూస్తున్నావా ఏంటి?" అన్నాడు. అంతకంటే జాగ్రత్తగానే చూస్తున్నానని చెప్పాను.

ఫిబ్రవరి 15, శనివారం

లైబ్రరీలో సి పుస్తకాలు నాలుగున్నాయి. నాలుగూ తెచ్చాను. మొదటిది పన్నెండో పేజీలోనే కామా బదులు చుక్క కొట్టింది, మూసేశాను. పేజీ సరిగా కొట్టుకోలేనివాడు నాకేం నేర్పుతాడు? రెండోది బొమ్మలతో ఉంది, పిల్లాడికి స్నానం చేయిస్తున్నట్టు మాట్లాడుతుంది. మూడోది సన్నగా, ముక్కుసూటిగా ఉంది, నచ్చింది కానీ భయం వేసింది. నాలుగోది లావుది. లావుది అయితే అన్నీ ఉంటాయి కదా.

కాజ్ పిన్నులు పడగొట్టే బౌలింగ్ జట్టులో ఒకతను తన పాత కంప్యూటర్ అమ్మాడు. రెండు ఫ్లాపీ డ్రైవులు, ఆకుపచ్చ అక్షరాలు. కుట్టు మిషన్ బల్ల ఖాళీ చేసి దాన్ని అక్కడ పెట్టాం. చిన్నగా గుర్రుమంటుంది. గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ దానికి గుడ్ మార్నింగ్ చెప్పాలనిపిస్తోంది.

ఫిబ్రవరి 26

వేగమైన కంపైలర్‌కు ఫోన్లో ఆర్డరిచ్చాను.

మార్చి 1

చిన్న కంపైలర్‌కు కూడా ఇచ్చాను. పోల్చి చూసుకోవాలి కదా. బాగా ముందుకు వెళుతున్నాను.

మార్చి 9, ఆదివారం

రెండూ వచ్చాయి! పుస్తకాల ప్లాస్టిక్ పొర విప్పాను. ఒకదాని మాన్యువల్‌కు మూడు రింగులు, ఇంకొకదానికి స్పైరల్. ఈ సాయంత్రమంతా రెండిటినీ ఫ్లాపీల మీదికి కాపీ చేసి, లేబుళ్ళు టైపు చేసి అంటించాను. ఎంత అందంగా ఉన్నాయో! ప్రోగ్రాం తెర మీద కొట్టి దిద్దుకోవడానికి ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి. అవి పత్రికలో తొమ్మిదున్నాయి. రేపటి నుంచి అవి చూడాలి.

కాజ్ తలుపు దగ్గర నిలబడి, "ఇంతకీ ఏం రాశావ్?" అన్నాడు.

చాలా రాశానన్నాను. లేబుళ్ళు రాశాను, అబద్ధం కాదు.

మార్చి 12

ఎడిటర్లు. ఒకటి తెర మీద రెండు పత్రాలు పక్కపక్కన చూపిస్తుందట. బాగా ముందుకు వెళుతున్నాను.

మార్చి 17

ఇంకొక ఎడిటర్. మొదటిదాంట్లో కర్సర్ మిణుకుమనే తీరు నచ్చలేదు.

మార్చి 20

భోజనం వేళ క్యాంటీన్‌లో పెల్ గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. నేను పత్రిక దాచుకునేలోపే ఆయన చూసేశారు. ఎర్ర గీతలన్నీ చూశారు. ఇక దాచేదేముంది, అడిగేశాను.

"పెల్ గారూ, వీటిల్లో ఏది మంచిదండీ?"

"మీ ఇంట్లో ఏదుంది?"

"రెండున్నాయి. మూడోది చూస్తున్నా."

"అయితే ఆ మూడోది కాదు" అని తన ట్రేలోని సూపు పక్కకు జరిపారు. "రాసిన ప్రోగ్రాం ఒకటి చూపించండి."

నేను ట్యూనా శాండ్‌విచ్ వైపు చూశాను. ఆయన చూపు నా మీద నుంచి కదల్లేదు. ఒక్కటీ రాయలేదని చెప్పాను. చెప్పేశాక తెలిసింది, ఈ డైరీకి కూడా ఆ మాట నేనింతవరకూ చెప్పలేదు. ఏడు వారాలు.

తిడతారనుకున్నాను. ఆయన పకపకా నవ్వారు. "మా అంతస్తులో అందరూ మీలాంటివాళ్ళేనండీ! ఒకాయనైతే ఎనిమిదేళ్ళుగా ఎడిటర్ తయారు చేస్తూనే ఉన్నాడు. ఏదన్నా రాయవయ్యా అంటే ముందు రాసుకునేది బాగుండాలి కదా అంటాడు. మీరు పుట్టుకతోనే ప్రోగ్రామరు."

పొగిడారో, వెక్కిరించారో తెలియదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆయన చెప్పినవి మూడు. సన్నటి పుస్తకం తియ్యండి, లావుదాన్ని తలుపుకు అడ్డం పెట్టండి. అందులోవి చూసి కొట్టకండి, చూసి కొట్టడం మీకు ఎటూ వచ్చు. చదివి, పుస్తకం మూసి, సొంతంగా రాయండి. మూడోది, ల్యాబ్ మెషీన్‌లో లింట్ అని ఒకటుంది, కోటుకు అంటుకున్న నూగు ఏరినట్టు ప్రోగ్రాంలో అనుమానాలు ఏరి చూపిస్తుంది. భోజనం వేళ తన టెర్మినల్ వాడుకోమన్నారు. ఏం రాసినా ముందు దానికి చూపించమన్నారు.

మార్చి 22, శనివారం

రాశాను!!! పొద్దున ఏడింటికి కూర్చుంటే పదింటికి తెర మీద నా పేరు వచ్చింది. నేను చెబితే వచ్చింది. నేను రాసింది మెషీన్ చదివింది! కాజ్‌ను లాక్కొచ్చి చూపించాను. "నీ పేరేగా, నాకు తెలుసు" అన్నాడు. అయినా ముద్దు పెట్టి, వ్యాను వెనక మిగిలిన రై బ్రెడ్ తెచ్చి వెన్న రాసి ఇచ్చాడు.

మార్చి 29, శనివారం

లావు పుస్తకం తలుపుకు అడ్డం పెట్టాను. చక్కగా పనికొస్తోంది.

ఏప్రిల్ 5, శనివారం

నాదైన ప్రోగ్రాం ఒకటి మొదలుపెట్టాను. ఎక్కడా చూసింది కాదు. మేం పూల్‌లో పేజీ అయిపోగానే, వరుస ఏదైనా కుడి అంచు దాటిందేమో స్కేలు పెట్టి చూస్తాం. ఆ పని ఇది చేస్తుంది. పత్రం మొత్తం చదివి, అంచు దాటిన వరుసలు ఎన్నో చెబుతుంది. ముప్ఫై నాలుగు వరుసల ప్రోగ్రాం. రాస్తుంటే కాఫీ రెండుసార్లు చల్లారిపోయింది.

ఏప్రిల్ 12, శనివారం

పని చేసింది! మూడు వరుసలు దాటాయంది. స్కేలు పెట్టి చూశాను. మూడే! గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఏప్రిల్ 14

భోజనం వేళ దాన్ని పెల్ గారి టెర్మినల్‌లోకి ఎక్కించి లింట్‌కు చూపించాను. ఆయన మీటింగులో ఉన్నారు. లేకపోవడమే మంచిదైంది.

ఇరవై మూడు ఫిర్యాదులు! ముప్ఫై నాలుగు వరుసలకు ఇరవై మూడు! ఇరవై ఒక్క ఏళ్ళలో నా పేజీ వెనక్కి వచ్చింది రెండేసార్లు, అందులో ఒకటి వాళ్ళ తప్పే. ఒంటికి కారం రాసుకున్నట్టయింది. ఆ ప్రింటు చింపుకుని మడిచి, నా సొరుగులో రిబ్బన్ల కింద పెట్టేశాను. చదవలేదు. చదవను కూడా. చక్కగా పనిచేసేదాన్ని పట్టుకుని ఏం ఏరుతుంది అది?

ఇంట్లో నా కంపైలర్ ఒక్క మాట అనదు. మర్యాద తెలిసింది.

ఏప్రిల్ 19, శనివారం

ట్రూడీని ఇంటికి పిలిచి చూపించాను. క్రంబ్ కేక్ తెచ్చింది. తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, అంకె వచ్చేదాకా చూసింది.

"ఇంతకీ ఇది చెప్పేది ఎన్ని వరుసలు దాటాయనా?"

"అవును!"

"దానికి ఇంత సామానా తల్లీ? నా దగ్గర చెక్క స్కేలుంది, దానికి ఫ్లాపీలు కూడా అక్కర్లేదు."

ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. పోయేటప్పుడు వాకిట్లో నిలబడి, "నేను పరీక్ష రాయట్లేదే. మా చెల్లెలి పూల కొట్టులో చేరిపోతున్నా. నువ్వు మాత్రం గెలువు. మన గదిలోంచి ఒక్కతైనా పైకి పోవాలి" అంది. దాని ముఖం చూడలేక కేకు డబ్బా మూత వెతికాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

పరీక్ష ల్యాబ్ మెషీన్ మీదే కాబట్టి నా ప్రోగ్రాం దాని మీద నడిపి చూడమన్నారు పెల్ గారు. నడిపాను. అంచు దాటిన వరుసలు మూడు రావాలి. 13,745 వచ్చింది.

ల్యాబ్ మెషీన్ పాతది.

ఏప్రిల్ 28

ఈరోజు 806. అదే పత్రం, అదే ప్రోగ్రాం, అదే నేను. ఆ మెషీన్‌కు మతి లేదు.

ఇంట్లో మూడు. ఎన్నిసార్లు నడిపినా మూడు.

ఏప్రిల్ 29

మూడో కంపైలర్‌కు ఆర్డరిచ్చాను. కోటు మనిషిది.

ఏప్రిల్ 30

నిన్నటిది రాసినప్పుడు బాగా ముందుకు వెళుతున్నాను అని రాయబోయి ఆగిపోయాను.

భయంగా ఉంది. పది రోజులు కూడా లేవు. వచ్చే నెలాఖరుకు నా టైపు మెషీన్ మీద గుడ్డ కప్పేస్తారు. నాకు వచ్చిందనుకున్నది రాలేదేమో. ఇప్పుడు కూడా నేను అక్షరాలే చదువుతున్నానేమో.

మే 1

పెల్ గారి దగ్గరికి నేనే వెళ్ళాను. మీ మెషీన్ పాడైందండీ అన్నాను. ఆయన కాదనలేదు, కుర్చీ చూపించి పక్కన కూర్చున్నారు. పెన్సిల్ కొనతో నా ప్రోగ్రాం పైనుంచి మెల్లగా దిగుతూ, దాటిన వరుసల లెక్క ఉండే డబ్బా దగ్గర ఆగారు. ప్రోగ్రాంలో అంకె దాచుకునే చోటును డబ్బా అంటాం.

"ఒక్కో వరుస దాటినప్పుడల్లా దీనికి ఒకటి కలుపుతున్నారు. బాగుంది. కలపకముందు ఇందులో ఏముంది?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేదని ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముంది? అప్పుడే పెట్టుకున్న కొత్త డబ్బా కదా. కొత్త కాగితం ఎక్కించాక దాని మీద ముందే ఏమన్నా ఉంటుందా?"

పెల్ గారు పెన్సిల్ కింద పెట్టేశారు. అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేళ్ళుగా ఎంతమందికి నేర్పానో. ఈ తప్పుకి ఇంత మంచి కారణం ఎవ్వరూ చెప్పలేదు రెజీనా గారూ! మీ గదిలో కాగితం కట్టలోంచి తెల్లది వస్తుంది. ఇక్కడ కట్ట లేదండీ. ఎవడో వాడి వదిలేసిన కాగితమే మీ చేతికిస్తుంది. దాని మీద వాడి రాతలు అలాగే ఉంటాయి. మీరు వాటి మీదే లెక్క మొదలుపెట్టారు."

"మరి మా ఇంట్లో మూడే వస్తోంది కదండీ!"

"మీ ఇంటి మెషీన్‌లో ఆ చోట అప్పటిదాకా సున్నా ఉండి ఉంటుంది. అదృష్టం. రేపు ఉండకపోవచ్చు."

ఇరవై ఒక్క ఏళ్ళు తెల్ల కాగితాలు ఎక్కించిన దాన్ని. తెల్లగా ఉందో లేదో చూడాలని నాకెలా తడుతుంది?

అప్పుడాయన చాలా నెమ్మదిగా అడిగారు: "లింట్ చెప్పే ఉంటుందే?"

లేచి, కింది అంతస్తుకు నడిచి, సొరుగు తీశాను. రిబ్బన్ల కింద ఉంది ప్రింటు. నాలుగో వరుస: పదకొండో వరుసలోని డబ్బాను, విలువ పెట్టకముందే వాడుతున్నట్టున్నారు. ఏప్రిల్ 14 నుంచీ నా చేతి కిందే ఉంది. రోజూ ఆ సొరుగులోంచే రిబ్బన్ తీసుకుంటున్నాను.

నిలబడే ఇరవై మూడూ చదివాను. పద్నాలుగు ఉత్త నూగు. తొమ్మిది నిజం.

మే 3, శనివారం

డబ్బాలో ముందు సున్నా పెట్టాను. ఒక్క వరుస! ఇంట్లో రాసిన ప్రోగ్రాములన్నీ తిరగేసి, అన్ని డబ్బాల్లోనూ ముందు సున్నా పెట్టి కడిగాను. కాజ్ మూడో కంపైలర్ పార్సిల్ తెచ్చి బల్ల మీద పెట్టి, నా ముఖం చూసి, అడక్కుండానే మళ్ళీ తీసుకెళ్ళి బట్టల అలమరలో పెట్టాడు. ఇరవై మూడేళ్ళ కాపురం ఊరికే పోలేదు.

మే 8

రేపే. పుస్తకం ఒకటే తీసుకెళతాను, సన్నటిది. కాజ్ బౌలింగ్ మానేసి, పిండిలో బంగాళాదుంప కూరి పియెరోగీలు చేశాడు. సగం విచ్చుకుపోయాయి. కడుపునిండా తిన్నాను.

మే 9, శుక్రవారం

చేతులు ఇంకా వేడిగానే ఉన్నాయి. ఉన్నదున్నట్టు రాస్తాను.

గదిలో ఐదుగురం. మా పూల్ నుంచి నేను, ఇంకొకామె. మిగతా ముగ్గురూ పై అంతస్తుల గుమాస్తాలు. ఒకతను పుస్తకాలు చక్రాల బండిలో తోసుకొచ్చాడు, ఫిబ్రవరిలో నేనైతే అంతకంటే ఎక్కువే తెచ్చేదాన్ని. మొదటి ప్రశ్న, పాత రిపోర్టులోని ప్రోగ్రాం ఒకటి. అప్పుడప్పుడు కూడిక మొత్తం తప్పుగా చూపిస్తుంది, ఎందుకో కనిపెట్టి సరిచేయాలి. పేజీ తిప్పగానే అడుగున చూపు పడింది. అలవాటు. ఎడమ మూల, ఎవరో నాకు తెలియని పెద్దాయన పొడి అక్షరాలు, గీత, రె.డు.

నేను కొట్టిన పేజీయే! ఏ ఏడాదో గుర్తు లేదు. ఒక్క తప్పు లేకుండా కొట్టాను, తప్పుతో సహా.

ముందు సిగ్గేసింది. తరువాత వచ్చిన సంతోషం ఎలా చెప్పను? ప్రతి వరుసా అర్థమవుతోంది. ఇది చదువుతోంది, ఇది కలుపుతోంది, ఇది ఇక్కడ ఆగుతోంది. అప్పుడు నా వేళ్ళ కింద నుంచి మౌనంగా పోయింది, ఇప్పుడు నాతో మాట్లాడుతోంది.

చుట్టూ అందరూ గబగబా కొట్టడం మొదలుపెట్టారు. నేను ముందు లింట్‌కు చూపించాను. పంతొమ్మిది ఫిర్యాదులు. కోపం తెచ్చుకోకుండా ఒక్కొక్కటీ చదివాను. పదమూడోది చదివి నవ్వేశాను, పర్యవేక్షకురాలు తలెత్తి చూసింది. ఎవరో పెద్దాయన కూడా కాగితం తెల్లగా ఉందనుకున్నాడు.

రెండో ప్రశ్నకు ప్రోగ్రాం సొంతంగా రాయాలి. రాశాను. పేజీ మీద ఒక్క డబ్బా కూడా కడగకుండా వదల్లేదు.

మే 16, శుక్రవారం

వచ్చింది. సీటు వచ్చింది! మూడో అంతస్తు, కిటికీ పక్కన కాదు, అయినా వచ్చింది. ట్రూడీ గదంతా వినపడేలా ఈల వేసింది. ఇన్నేళ్ళలో దానికి ఈల వచ్చని తెలియదు. కాజ్ వ్యాను ల్యాబ్ గేటు ముందే ఆపి హారన్ మోగించాడు, కాపలా అతను తిట్టాడట. పెల్ గారు మెట్ల దగ్గర కనిపించి, "అయితే ఇక నా రాత ఎవరు చదువుతారండీ?" అన్నారు. టైపు చేసుకోవడం నేర్చుకోండి, నేను నేర్పుతానన్నాను.

మే 24, శనివారం

జూన్ పత్రిక వచ్చింది. కొత్త కంపైలర్ ఒకటి వచ్చిందట. తెరవలేదు.

నలభయ్యో పేజీ వరకే తెరిచాను.

మే 30, శుక్రవారం

ఆఖరి రోజు. మధ్యాహ్నానికి తొమ్మిది టైపు మెషీన్ల మీద గుడ్డలు కప్పేశారు. ట్రూడీ తన చెక్క స్కేలు నా చేతిలో పెట్టి, "నీ సామాను చెడిపోతే పనికొస్తుంది" అంది. అప్పుడు మాత్రం ఏడ్చాను. అదీ ఏడ్చింది, ఆ తరువాత నన్ను తిట్టింది.

ల్యాబ్‌లో కొత్త ప్రోగ్రాం ఏది పెట్టినా, అదేం చేస్తుందో చెబుతూ ఒక పేజీ దాఖలు చేయాలి. అంచు దాటిన వరుసలు లెక్కపెట్టే నా ప్రోగ్రాం సోమవారం నుంచి అందరి వాడకానికి పెడుతున్నారు. ఆ పేజీ నేనే రాసుకున్నాను. మూడో అంతస్తులో టెర్మినల్ ఇచ్చారు కానీ, కిందికే వచ్చి నా పాత మెషీన్ మీద కొట్టాను. మూడున్నరకు కాగితం ఎక్కించాను. ఎక్కించేముందు రెండు వైపులా తిప్పి, తెల్లగా ఉందో లేదో చూశాను.

ఎక్కడా తప్పు పోలేదు. ఏ వరుసా అంచు దాటలేదు, ట్రూడీ స్కేలు పెట్టి చూసింది. అడుగుకు వచ్చి, ఎడమ మూల, అలవాటు చొప్పున వేళ్ళు హో.పె. వైపు పోబోయాయి. ఆపాను.

రె.డు./రె.డు.

గీతకు రెండు పక్కలా నేనే.